శనివారం మధ్యాహ్నం అమ్మాయి ఎక్కడికెళుతోంది?

“అమ్మా, ఈ శనివారం కాస్త ఆలస్యంగా వస్తాను. మా క్లబ్బు వాళ్ళం వృద్ధాశ్రమానికి వెళుతున్నాం” అని అమ్మాయి చెప్పగానే తల్లి నోటి వెంట ప్రశ్నలు వరసకడతాయి. ఏ క్లబ్బు? ఎవరు తీసుకెళతారు? సిస్టర్లా? అక్కడ ప్రార్థనలు కూడా చేయిస్తారా? ఎన్నింటికొస్తావు? ఇన్నీ అడిగాక చివర్న “సరే, మీ నాన్ననడుగు” అని ఒక మాట. అమ్మాయి గదిలోకెళ్ళాక వంటింట్లో ఇంకో మాట వినపడుతుంది. “ఇంట్లో తాగిన గ్లాసు తియ్యదు గానీ, అక్కడికెళ్ళి ముసలమ్మలకి జడలేస్తుందట!”

క్యాథలిక్ కాలేజీలో ఆడపిల్లను చేర్పించిన చాలా ఇళ్ళలో ఈ సంభాషణ ఏదో ఒక రోజు జరిగే ఉంటుంది. ఏలూరులో సెయింట్ థెరిసాస్ 1953లో, విశాఖపట్నంలో సెయింట్ జోసెఫ్స్ 1958లో, హైదరాబాద్ బేగంపేటలో సెయింట్ ఫ్రాన్సిస్ 1959లో, విజయవాడలో మారిస్ స్టెల్లా 1962లో మొదలయ్యాయి. పదేళ్ళ వ్యవధిలో మన ఊళ్ళలో ఆడపిల్లల డిగ్రీ చదువుకు ఇవి పెద్ద ఆసరా అయ్యాయి. “సిస్టర్ల కాలేజీ అయితే భయం లేదు” అన్న ఒక్క మాట మీద పై చదువులకు ఒప్పుకున్న తండ్రులు ఎంతమందో! ఇంగ్లీషు వస్తుందని, క్రమశిక్షణ ఉంటుందని, గేటు దగ్గర వాచ్‌మన్ గట్టిగా ఉంటాడని చూసి చేర్పిస్తాం. అక్కడ శనివారం మధ్యాహ్నం నడిచే క్లబ్బుల సంగతి ఎవరం అడగం. అమ్మాయి పర్మిషన్ అడిగినప్పుడే అది మనకు గుర్తొస్తుంది.

ఆ క్లబ్బులన్నీ ఒకటి కావు. ముందు ఇది తెలుసుకోవాలి. కొన్ని అచ్చంగా మతానికి సంబంధించినవి. క్యాథలిక్ పిల్లలు కూడి జపమాల చెప్పుకుంటారు, దివ్యపూజకు పాటలు నేర్చుకుంటారు, తపస్సుకాలంలో ఖర్చులు తగ్గించి ఆ డబ్బు పేదలకు దాస్తారు. కొన్ని అచ్చంగా సేవకు సంబంధించినవి. ఎన్.ఎస్.ఎస్. ఉంది, అది సర్కారు పథకం. గాంధీజీ శతజయంతి సంవత్సరం 1969లో మొదలైంది. రెండేళ్ళలో 240 గంటల సేవ, ఒక ఊళ్ళో వారం రోజుల క్యాంపు. సిస్టర్ల కాలేజీలో ఉన్నా దానికి మతంతో పని లేదు. ఈ రెంటికీ మధ్యలో ప్రార్థనతో మొదలై పేదల ఇంటి గుమ్మం దాకా వెళ్ళేవి కొన్ని. తల్లులకు అనుమానం వచ్చేది వీటి మీదే. అనుమానం రావడం తప్పు కాదు. అయితే అడగవలసిన ప్రశ్న ఒకటి, మనం అడిగేది మరొకటి అవుతోందని మా ఉద్దేశం.

ఈ తరహా సంఘాల్లో బాగా పేరున్నది విన్సెంట్ డి పాల్ సంఘం. 1833లో పారిస్‌లో కొద్దిమంది కాలేజీ కుర్రాళ్ళు పెట్టారు. వాళ్ళలో ముఖ్యుడు ఫ్రెడరిక్ ఓజనామ్‌కి అప్పటికి నిండా 20 ఏళ్ళు. “మీ మతం ఒకప్పుడు గొప్పదే కావచ్చు, ఇప్పుడు పేదవాడికి ఏం చేస్తోంది?” అని తోటి విద్యార్థులు నిలదీస్తే, వాదనలో గెలవడం మానేసి పని మొదలుపెట్టారు. కానీ పేదవాళ్ళ ఇంటికి ఎలా వెళ్ళాలో, వెళ్ళి ఏం మాట్లాడాలో ఆ కుర్రాళ్ళకేం తెలుసు? వాళ్ళకు నేర్పింది సిస్టర్ రోజలీ రాంద్యూ. పారిస్‌లో మహా పేదపేట అయిన మూఫ్‌తార్‌లో ఏళ్ళ తరబడి పనిచేస్తున్న మఠకన్య ఆవిడ. ఏ ఇంటికి వెళ్ళాలో చెప్పి, రొట్టె చీటీలు చేతికిచ్చి పంపేది. 1997లో ఓజనామ్‌కూ, 2003లో రోజలీకీ క్యాథలిక్ సభ ‘ధన్యులు’ అనే గౌరవం ఇచ్చింది. ఓజనామ్ పేరు చెప్పుకున్నంతగా రోజలీ పేరు చెప్పుకోరు. అది మనకు కొత్త కాదు లెండి.

రెండోది లీజియన్ ఆఫ్ మేరీ. 1921 సెప్టెంబర్ 7న ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లో మొదలైంది. స్థాపకుడు ఫ్రాంక్ డఫ్ ఓ సర్కారు ఉద్యోగి. ఆయన, ఒక ఫాదర్ తప్ప ఆ సాయంత్రం మీటింగుకు వచ్చినవాళ్ళందరూ ఆడవాళ్ళే. మొదటి ప్రెసిడెంటు ఎలిజబెత్ కిర్వాన్ కూడా స్త్రీయే. బీదల ఆసుపత్రిలో క్యాన్సర్‌తో మంచం పట్టిన ఆడవాళ్ళను ఇద్దరిద్దరుగా వెళ్ళి పలకరించడం వాళ్ళు పెట్టుకున్న మొదటి పని. పక్కన కూర్చోవడం, మాట్లాడటం, మళ్ళీ వారం తప్పకుండా రావడం, అంతే.

ఈ సంఘంలో ఒక నియమం ఉంది. వింటే మొదట విచిత్రంగా ఉంటుంది. వీళ్ళు ఎవరికీ డబ్బు గానీ, బట్టలు గానీ, తిండి గానీ ఇవ్వకూడదు. ఎంత చిన్న సాయమైనా సరే, వస్తు రూపంలో కూడదని వాళ్ళ నియమావళి ఖచ్చితంగా చెబుతుంది. అది పూర్తిగా మత సంఘం. దేవుడి మాట చెప్పడానికే తిరుగుతున్నామని దాచుకోకుండా చెబుతారు. కాబట్టే చేతిలో బియ్యం సంచీ ఉండకూడదన్నారు. బియ్యం ఉంటే ఎదుటి మనిషి వినేది దేవుడి మాట కోసమో, బియ్యం కోసమో ఎలా తెలుస్తుంది? విన్సెంట్ డి పాల్ వాళ్ళ దారి వేరు. వాళ్ళు రొట్టె ఇస్తారు, అయితే తీసుకునేవాళ్ళది ఏ మతం అని అడగకూడదన్నది వాళ్ళ నియమం. ఒకరు మతం చెబుతారు, తిండి పెట్టరు. ఇంకొకరు తిండి పెడతారు, మతం అడగరు. ఇద్దరూ రెండు వైపుల నుంచి వచ్చి ఒకే ముడి విప్పారు. అన్నాన్నీ దేవుణ్నీ కలిపి కట్టకూడదన్నదే ఆ ముడి.

మన అమ్మాయి వెళ్ళే క్లబ్బు గురించి మనం అడగవలసింది ఇదే. “అక్కడ ప్రార్థన చేస్తారా?” అని కాదు, “ప్రార్థన చేస్తేనే సాయం చేస్తారా?” అని. సాయానికి, ప్రార్థనకు లంకె పెట్టిన చోటికి పంపొద్దు. అది చర్చి వాళ్ళు చేసినా తప్పే, గుడి వాళ్ళు చేసినా తప్పే, ఎన్నికల్లో నిలబడేవాళ్ళు చేసినా తప్పే.

ఇక పిల్లల మాట. మన రాజ్యాంగం 28వ అధికరణం మూడో క్లాజు ఈ విషయంలో స్పష్టంగా ఉంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న, లేదా ప్రభుత్వ సాయం తీసుకునే ఏ విద్యాసంస్థలోనూ విద్యార్థిని ఇష్టం లేకుండా మత బోధనకు గానీ, ఆరాధనకు గానీ హాజరు కమ్మని బలవంతపెట్టకూడదు. విద్యార్థిని మైనర్ అయితే తల్లిదండ్రులు ఒప్పుకోవాలి. ఇంటర్ చదివే పిల్లలు చాలామంది 18 నిండనివాళ్ళే కదా. అంటే మీ సంతకానికి విలువ ఉంది. భయపడుతూ లోపల్లోపల కుమిలిపోవడం కంటే, ఒక పూట కాలేజీకి వెళ్ళి క్లబ్బు చూసే సిస్టర్‌ని కలిసి అడగండి. “సిస్టర్, మా అమ్మాయి వృద్ధాశ్రమానికి వస్తుంది. ప్రార్థనలో కూర్చోవడం, కూర్చోకపోవడం తన ఇష్టం. అలా కుదురుతుందా?” కుదురుతుందంటే పంపించండి. నసిగితే ఎన్.ఎస్.ఎస్.లో చేర్పించండి. అందులో గొడవేముంది?

ఇంతకీ అమ్మాయిలకు ఈ శనివారాల వల్ల ఏమొస్తుంది? సర్టిఫికెట్ వస్తుంది, కాదనం. ఉద్యోగం దరఖాస్తులో ఒక గీత నిండుతుంది. దాని కోసమే వచ్చే పిల్లలూ ఉంటారు, వాళ్ళనూ తప్పు పట్టలేం. కానీ కోల్‌కతాలో జరిగిన ఒక సంగతి చూడండి. ఎంటాలీలో లొరెటో సిస్టర్ల ప్రాంగణంలో సెయింట్ మేరీస్ అనే ఆడపిల్లల బడి ఉంది. అక్కడి పిల్లలకు ఒక భక్తి సంఘం ఉండేది. ఆ పిల్లలు సెలవు రోజుల్లో కొందరు ఆసుపత్రికి వెళ్ళి రోగులను పలకరించేవాళ్ళు (ఇప్పుడు దాన్ని నీల్‌రతన్ సర్కార్ ఆసుపత్రి అంటున్నారు), కొందరు బడి గోడకు అవతలే ఉన్న మోతీఝీల్ మురికివాడకు వెళ్ళేవాళ్ళు. వాళ్ళకు పాఠాలు చెప్పే సిస్టర్లకు మాత్రం మఠం గడప దాటే అలవాటు లేదు. గోడకు అవతల ఏముందో ముందుగా చూసింది పిల్లలే. ఆ టీచర్లలో ఒకరు సిస్టర్ థెరెసా. 1948లో లొరెటో మఠం విడిచి ఆవిడ మొదట అడుగుపెట్టింది ఆ మోతీఝీల్‌లోనే. ఆవిడ వెనక మొట్టమొదట వచ్చి చేరింది కూడా పాత విద్యార్థినే. సుభాషిణి దాస్ 1949 మార్చిలో వచ్చింది, తన టీచరమ్మ చిన్ననాటి పేరు ఆగ్నెస్‌ను తన పేరుగా పెట్టుకుంది. ఆ ఆగ్నెస్ కూడా తన సొంత ఊరు స్కోప్యేలో ఇలాంటి భక్తి సంఘంలో సభ్యురాలే. బెంగాల్ నుంచి ఫాదర్లు రాసిన ఉత్తరాలు ఆ సంఘంలో చదివితే విని, ఇక్కడికి రావాలనుకుంది.

“అదిగో, మేం భయపడేదే అది! సన్న్యాసినుల్లో కలిసిపోతుంది” అంటారేమో. శనివారాలు ఆసుపత్రికి వెళ్ళిన పిల్లలందరూ మఠంలో చేరిపోతే ఈపాటికి మన ఊళ్ళలో పెళ్ళిపందిళ్ళు వేసేవాళ్ళకు పని ఉండేది కాదు. చాలామంది పెళ్ళిళ్ళు చేసుకున్నారు, ఉద్యోగాలు చేశారు, అమెరికా వెళ్ళారు. కాకపోతే ఎదుటి మనిషి మంచం పక్కన ఎలా కూర్చోవాలో వాళ్ళకు తెలిసింది. మామగారికి పక్షవాతం వచ్చినప్పుడు, పక్కింటావిడకు క్యాన్సరని తెలిసినప్పుడు ఏం మాట్లాడాలో తెలియక మొహం చాటేసే వాళ్ళం ఎంతమందిమి లేం? అది కూడా నేర్చుకోవలసిన విద్యే. డిగ్రీ సిలబస్‌లో లేదు.

ఇక వంటింటి మాట. ఇంట్లో గ్లాసు తియ్యని పిల్ల అక్కడ ముసలమ్మకు జడ వేస్తోందంటే అందులో మోసం ఏమీ లేదు. ఇంట్లో చేసే పని ఆడపిల్ల చేసి తీరాలి. చేస్తే ఎవరూ గుర్తించరు, చేయకపోతే అందరూ అంటారు. అక్కడ ఆ పని తాను ఎంచుకుని చేస్తోంది, “మళ్ళీ ఎప్పుడొస్తావమ్మా?” అని ఒకరు అడుగుతున్నారు. ఆ తేడా మనకు తెలియదా? మన అబ్బాయిని గ్లాసు తియ్యలేదని ఎన్నిసార్లు అన్నాం?

ఇంతవరకు తల్లులకు చెప్పాం. కాలేజీలకు కూడా ఒక మాట చెప్పాలి. ఇది కాస్త గట్టిగానే చెప్పాలి.

చీరలు, దుప్పట్లు పంచే కార్యక్రమం అంటే ఎలా ఉంటుందో మనందరం చూశాం. స్టేజీ మీద వరసగా ప్లాస్టిక్ కుర్చీలు, ముఖ్య అతిథి, ఫ్లెక్సీ బ్యానర్. కింద ఎండలో కూర్చున్న ముసలివాళ్ళు. పేరు పిలిస్తే పైకి రావాలి, దుప్పటి ఒక చివర తాను, మరో చివర అతిథి పట్టుకుని కెమెరా వైపు చూడాలి. ఒకప్పుడు కాలేజీ మ్యాగజైన్‌లో వేసేవాళ్ళు, ఇప్పుడు క్షణంలో అందరి సెల్‌ఫోన్లలోకీ వెళ్ళిపోతోంది. ఒక దుప్పటి ఖరీదుకు ఆ ముసలావిడ తన మొహం ఇచ్చేసింది. ఆవిడ మనవరాలు అదే కాలేజీలో ఫస్టియర్ చదువుతుంటే? అసంభవం కాదు. సిస్టర్ల కాలేజీల్లో ఉన్నవాళ్ళ పిల్లలే కాదు, కూలి చేసుకునేవాళ్ళ పిల్లలూ చదువుతారు. అదే ఆ కాలేజీల గొప్ప.

పేదలంటే కాలేజీ గేటుకు బయట ఉండేవాళ్ళనే ఈ క్లబ్బులన్నీ అనుకుంటాయి. కానీ పరీక్ష ఫీజు ఆఖరు తేదీ దాకా కట్టలేని పిల్ల మూడో బెంచీలోనే ఉంటుంది. మధ్యాహ్నం “ఆకలి లేదు” అని లైబ్రరీలో కూర్చునే పిల్ల మన అమ్మాయి స్నేహితురాలే అయి ఉంటుంది. మన దగ్గర ఇంకో మెలిక కూడా ఉంది. తెలుగునాట క్రైస్తవుల్లో దళిత కుటుంబాలవాళ్ళు చాలామంది. మతం మారారని ఎస్సీ లెక్క నుంచి తీసి బీసీ-సిలో పెట్టారు, ఆ గ్రూపుకు రిజర్వేషన్ 1 శాతం. అందువల్ల జపమాల చేతబట్టుకుని సంఘంలో ముందు కూర్చున్న అమ్మాయే ఆ క్లాసులో అందరికంటే పేద అయ్యే వీలుంది. ఎన్.ఎస్.ఎస్. టోపీ పెట్టుకుని పక్కన కూర్చున్న అమ్మాయికి సొంత స్కూటీ ఉండే వీలుంది. పుచ్చుకునేవాళ్ళు ఒక మతం వాళ్ళు, ఇచ్చేవాళ్ళు ఒక మతం వాళ్ళు అని గీత గీయబోతే అది అక్కడికక్కడే చెరిగిపోతుంది.

ఈ సంగతి ఆ పాత సంఘాల వాళ్ళకు బాగా తెలుసు. లీజియన్ మీటింగుల్లో, విన్సెంట్ డి పాల్ మీటింగుల్లో చందా వసూలు చేసే పద్ధతి చూడండి. రసీదు పుస్తకం ఉండదు. ఒక గుడ్డసంచీ వరసగా అందరి ముందుకూ వస్తుంది. అందరూ అందులో చేయి పెడతారు. ఎవరు ఎంత వేశారో పక్కవాళ్ళకు తెలియదు. ఏమీ వేయకుండా చేయి తీసినా తెలియదు. రహస్య సంచీ అంటారు దాన్ని. వేయలేని పిల్ల కూడా వేసిన పిల్లతో సమానంగా కూర్చుని లేస్తుంది.

ఇచ్చేటప్పుడు ఇంత మర్యాద పాటించినవాళ్ళు, పుచ్చుకునేటప్పుడు కూడా అంతే పాటించాలని అడగడం అత్యాశ కాదు కదా! పరీక్ష ఫీజు సాయం కావలసిన పిల్ల అప్లికేషన్ పట్టుకుని స్టాఫ్‌రూమ్‌లో పదిమంది లెక్చరర్ల ముందు నిలబడే పని లేకుండా చెయ్యొచ్చు. ఒక సిస్టర్‌కి, ఒక లెక్చరర్‌కి మాత్రమే తెలిసేట్టు, ఆఫీసులో ఫీజు కట్టేసి రసీదు పిల్ల చేతికిస్తే చాలు. నోటీసు బోర్డు మీద ‘సాయం పొందినవారు’ అని పేర్లు పెట్టడం ఎక్కడైనా ఉంటే ఈ వారమే తీసెయ్యండి. పంపిణీ ఫోటోలూ అంతే. లెక్కలు కావాలంటే మొత్తం ఎంత ఖర్చయిందో రాయండి, ఎవరి మొహం మీద ఖర్చయిందో అక్కర్లేదు.

క్యాథలిక్ విద్యార్థుల సంఘాల్లోనే మరో తరహా ఉంది. ఐకఫ్ అంటారు, అఖిల భారత క్యాథలిక్ యూనివర్సిటీ ఫెడరేషన్. దాని మూలాలు 1924లో మద్రాసులో, ఫాదర్ కార్టీ అనే ఫ్రెంచి జెసూట్ గురువు పనిలో ఉన్నాయి. మొదట భక్తి, చదువు, నడవడిక అన్నట్టు సాగిన ఆ సంఘం 1970లో పూనమల్లి సమావేశం తర్వాత దారి మళ్ళించుకుంది. పేదవాళ్ళకు దుప్పటి ఇవ్వడం సరే, వాళ్ళు పేదవాళ్ళుగానే ఎందుకు ఉండిపోతున్నారు అని అడగడం మొదలుపెట్టింది. ఆ ప్రశ్న వేసే క్లబ్బంటే తల్లిదండ్రులకు భయం, కొన్ని యాజమాన్యాలకు ఇంకా భయం. దుప్పట్లు పంచే క్లబ్బుకు ముఖ్య అతిథిగా ఎవరైనా వస్తారు, కూలి రేట్ల లెక్క అడిగే క్లబ్బుకు ఎవరొస్తారు? కానీ వారం వారం ఒకే పేటకు వెళ్ళే అమ్మాయికి ఎవరూ చెప్పకుండానే ఆ ప్రశ్న పుడుతుంది. ఆ ఇంట్లో ఆడమనిషి తెల్లారకముందే పనికెళ్ళి చీకటిపడ్డాక వస్తున్నా బియ్యం ఎందుకు చాలడం లేదని అడుగుతుంది. అడగనివ్వండి. ఇంటికొచ్చి మన పనిమనిషి జీతం సంగతి కూడా అడిగితే కాస్త ఓర్చుకుందాం.

చివరగా, ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక సంగతి ఉంది. జూలైలో ఉత్సాహంగా మొదలైన క్లబ్బు డిసెంబర్‌లో క్రిస్మస్ కేకుతో వెలిగిపోతుంది. ఫిబ్రవరిలో పరీక్షల భయం, మార్చిలో ఇంకెవరూ రారు. అక్కడ ఆశ్రమంలో ముసలావిడకు సెమిస్టరంటే తెలియదు. శనివారమని మధ్యాహ్నం తల దువ్వుకుని వరండాలో కూర్చుంటుంది. ఒక వారం, రెండు వారాలు. కొడుకు రావడం మానేసినట్టే ఈ పిల్ల కూడా మానేసింది అనుకుంటుంది. మంచి మనసుతో మొదలుపెట్టిన పనే, కానీ ఆవిడకు రెండోసారి అదే దెబ్బ తగిలింది.

దీనికి డబ్బు అక్కర్లేదు. ఫైనలియర్ పిల్లలు జనవరిలోనే ఒక జూనియర్‌ను వెంటబెట్టుకుని వెళ్ళొచ్చు. “అమ్మమ్మా, నాకు పరీక్షలొస్తున్నాయి. ఇక నుంచి ఈ పిల్ల వస్తుంది” అని పేరు చెప్పి పరిచయం చేయొచ్చు. ఆవిడకు ఏ చెవి వినపడదో, టీలో పంచదార వెయ్యొచ్చో లేదో, ఏ కొడుకు పేరు ఎత్తకూడదో ఆ జూనియర్‌కు దారిలో చెప్పొచ్చు. సిస్టర్ పుస్తకంలో ఫలానా మంచానికి ఫలానా అమ్మాయి అని రాసి పెట్టుకోవచ్చు. వేసవి సెలవుల్లో అదే ఊళ్ళో ఉండే డే స్కాలర్లు వంతులు వేసుకోవచ్చు. ఏప్రిల్ ఎండలో శనివారం మధ్యాహ్నం బయల్దేరుతానంటే మీ అమ్మాయికి గొడుగు ఇచ్చి పంపండి.